ఇంక మిషన్‌తో పని లేదు

హిందూపురం,
4 నవంబరు 2024.

అత్తకు యూనస్ సలాములు.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పోయిన శుక్రవారం ఫోనులో నేను "కొత్త వార్డులో వేశారు" అంటే నీకు "కొత్త బోర్డులో రాశారు" అని వినపడింది. నాకు ప్రమోషన్ వచ్చిందని ధర్మవరంలో నాయనకు చెప్పావు. ఆయన వీధంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు పక్కింటివాళ్ళు మిఠాయి ఎప్పుడని అడుగుతున్నారట. అందుకని ఇకమీదట మనిద్దరికీ ఉత్తరాలే. బస్సు డ్రైవరు ఆంజనేయులు రోజూ పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి వస్తాడు కదా, కవరు అతని చేతికిస్తే పోస్టుకన్నా ముందే చేరుతుంది. చెవికి పెట్టుకొమ్మని నేను ఇచ్చిన మిషన్ నువ్వు బీరువాలో పెట్టి తాళం వేశావని నాయన చెప్పాడు. దాన్ని గురించి నేనేమీ అనను.

నిజం ఏమిటంటే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో వేశారు నన్ను. పదకొండు మంది సిస్టర్ల మధ్య నేనొక్కణ్ణే మగవాణ్ణి. వాళ్ళ కొలతకు కుట్టిన గౌను నాకు మోకాళ్ళ పైకి వస్తుంది. బస్సులో తల వంచుకుని నిలబడే మనిషిని తీసుకొచ్చి కిలో బరువు పిల్లల దగ్గర పెట్టారు. వాళ్ళ కాలు నా చూపుడువేలంత ఉంటుంది. మొదటి రోజు ఒక బిడ్డకు గుడ్డ మార్చమన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది, రెండుసార్లు నా మీదే పోసింది.

ఈ పిల్లలు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. అప్పుడు మిషన్ కూస్తుంది. పరుగున పోయి అరికాలు మీద వేలితో తట్టాలి. అప్పుడు గుర్తొచ్చినట్టు మళ్ళీ తీసుకుంటారు. మొదట్లో మిషన్ కూసినప్పుడల్లా నేను కూడా ఊపిరి మరిచిపోయేవాణ్ణి. మా పెద్ద సిస్టరు జయలక్ష్మమ్మ నన్ను చూసి, "ముందు ఎవురికి తట్టల్ల అబ్బా, బిడ్డకా, నీకా?" అంది.

ఇప్పుడు నాకు అప్పగించిన బిడ్డ ఒక ఆడపిల్ల. రెండు నెలలకు పైగా ముందే పుట్టింది, పుట్టినప్పుడు పదకొండు వందల ఇరవై గ్రాములు. తండ్రి ఈరప్ప మీ పెనుకొండ పక్క పల్లెలో గొర్రెలు మేపుతాడు. తల్లి ఉలిగమ్మ. ఆమె గాజు తలుపు అవతల నిలబడి చూస్తుంది తప్ప లోపలికి రాదు. చెయ్యి పెట్టమ్మా అంటే చేతులు వెనక్కి దాచుకుంటుంది. తల్లి రొమ్ముల మధ్య బిడ్డను ఆనించి కట్టుకుంటే బిడ్డ వెచ్చగా ఉంటుంది, బరువు పెరుగుతుంది. దీన్ని కంగారూ పద్ధతి అంటారు, సంచిలో పిల్లను మోసే జంతువు పేరు మీద. నిన్న ఈరప్పను పిలిచి గంభీరంగా చెప్పాను, "రేపటినుంచి మీ ఆవిడకు కంగారూ మొదలుపెడతాం" అని. అతను నా ముఖం చూసి, "అది మాకు శానా దినాలనుంచి ఉండాది సార్" అన్నాడు.

నవ్వుకో. కానీ నాకు చేతులు సరిగా కుదరకపోయినా నోరు ఉంది అత్తా. తల్లులకు ధైర్యం చెప్పడంలో ఈ వార్డులో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది నేను చెబుతున్నది కాదు. అంటే, నేనే చెబుతున్నాను.

నీ యూనస్

---

పెనుకొండ,
8 నవంబరు 2024.

చిరంజీవి యూనస్‌కు అత్త బుడన్‌బీ దీవెనలు.

ఉత్తరం చేరింది. నీ గౌను సంగతి చదివి నవ్వుతుంటే, ఎదురింటి ఆమె వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగింది. ఒంటరి ఆడది ఒక్కతే నవ్వినా తప్పే.

నీ నోటి గొప్ప గురించి ఒక మాట. నేను ఏ.ఎన్.ఎం.గా చేరిన కొత్తలో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఒక పల్లెలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి విరేచనాలు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ గురించి గంటసేపు చెప్పాను. కాగితం చూడకుండా చెప్పాను. బొమ్మలు చూపించాను. అందరూ తలలు ఊపారు. నా అంత గొప్పగా చెప్పేది జిల్లాలో లేదనుకున్నాను. చివర్న ఒక ముసలామె లేచి, "అంతా బాగుండాది గానీ, ఇంతకూ నువ్వు ఏమి అమ్మను వచ్చినావు తల్లీ?" అని అడిగింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, వినపడని చెవితో సహా.

మా కాలంలో మీ మిషన్లు లేవు. దూది చుట్టేవాళ్ళం, వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టేవాళ్ళం. సీసా మూత ఊడి ఒకసారి బిడ్డ కాదు, నేను కాలాను. కొందరు బతికారు. కొందరు బతకలేదు. ఎందుకు బతికారో నాకు తెలియదు కానీ, బతికిన ప్రతి బిడ్డా నావల్లే అని రిపోర్టు రాసుకున్నాను.

ఆ బిడ్డకు ఒక ఉన్ని టోపీ అల్లి పంపుతున్నాను. నీ దగ్గర ఏ బిడ్డా చలికి ఉండకూడదు. ఉలిగమ్మను తొందరపెట్టకు. ముట్టుకుంటే చచ్చిపోతుందని భయపడుతోంది, అంతే.

అత్త బుడన్‌బీ

---

హిందూపురం,
21 నవంబరు 2024.

అత్తకు సలాములు.

నీ టోపీ నా పిడికిలికి సరిగ్గా సరిపోయింది. బిడ్డకు పెడితే గడ్డం కిందికి జారి మెడలో పడింది. నువ్వు మామూలు బిడ్డను తలుచుకుని అల్లినట్టున్నావు. జయలక్ష్మమ్మ సిస్టరు దాన్ని బిడ్డకు పొట్ట వరకు తొడిగి, స్వెట్టరు అంది. ఇవన్నీ తీరిగ్గా రాయవలసినవి, కానీ ఇప్పుడు తీరిక లేదు.

నిన్న మధ్యాహ్నం ఉలిగమ్మ, ఈరప్ప బిడ్డను తీసుకుని వెళ్ళిపోయారు.

నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. బిడ్డ పదమూడు వందల పది గ్రాములకు వచ్చింది. ముక్కు గొట్టం తీసేశాం, ఉగ్గుగిన్నెతో పాలు తాగుతోంది. ఊపిరి మరిచిపోవడం రోజుకు ఒకటి రెండుసార్లకు తగ్గింది. ఉలిగమ్మ కూడా పది నిమిషాలు బిడ్డను ఎదకు కట్టుకుంది, భయపడుతూనే. నిన్న పొద్దున వెచ్చగా ఉంచే వార్మర్ పెట్టె నుంచి తీసి తల్లుల గదికి మార్చవచ్చని డాక్టరు అన్నారు. ఆ మంచి వార్త చెప్పే పని నాదే అని ముందుకు దూకాను. ఉలిగమ్మకు ఎంత బాగా చెప్పానో విను. "అమ్మా, మేము చేయవలసింది అంతా చేశాం. ఇంక ఈ బిడ్డకు మిషన్‌తో పని లేదు. ఇంక మా చేతుల్లో ఏమీ లేదు, అంతా నీ దగ్గరే ఉంది" అన్నాను. ఆమె తల ఊపింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అంతలో ఇంకో బిడ్డ మిషన్ కూస్తే పరుగెత్తాను.

రెండు గంటలకు భోజనం చేసి వచ్చేసరికి వాళ్ళు లేరు. డ్యూటీలో ఉన్న సిస్టరు వద్దని ఎంతో చెప్పిందట, "ఇప్పుడు బయటికి పోతే ప్రాణానికి ప్రమాదం" అని. ఈరప్ప, "తెలుసు మేడమ్, సార్ చెప్పినాడు" అని సంతకం పెట్టాడట. నేనేం చెప్పాను? ఇంత కష్టపడి నిలబెట్టిన బిడ్డను, గొర్రెలు ఎవరు మేపుతారని కాబోలు, సంచి సర్దుకున్నట్టు సర్దుకుని పోయారు. నాకు కోపంగా ఉంది అత్తా. వీళ్ళకు ఎంత చెప్పినా అంతే.

ఫోను స్విచాఫ్. కాగితంలో ఈరప్ప, చిన్నగువ్వలపల్లి అని ఉంది. నీకు నాలుగు కిలోమీటర్లే కదా. ఒకసారి పోయి చూస్తావా? అక్కడ నీ మాట వింటారు. బిడ్డను చలిలో ఉంచవద్దని, రెండు గంటలకొకసారి పాలు పట్టాలని, తిరిగి రమ్మని చెప్పు.

యూనస్

---

పెనుకొండ,
22 నవంబరు 2024.

యూనస్‌కు,

పోయాను. ముందు నా గొప్పతనం రాస్తాను, తర్వాత నీది.

ఆటోలో చిన్నగువ్వలపల్లికి పోయి ఈరప్ప ఇల్లు అడిగితే చూపించారు. లోపల ఒక పిల్ల గొంగడిలో చుట్టిన బిడ్డతో కూర్చుని ఉంది. చలికి నా కళ్ళజోడు మసకేసింది. నేను ఆలస్యం చెయ్యలేదు. బిడ్డను లాక్కుని, చీర కొంగు తీసి, ఎదకు ఆనించుకుని, పైన గొంగడి కప్పి, ఆ పిల్లకు అరగంట పాఠం చెప్పాను. ఆమె ఏదో చెప్పబోయినప్పుడల్లా "నువ్వు మాట్లాడద్దు" అన్నాను. బిడ్డ నా డొక్కలో రెండు తన్నులు తన్నింది. రెండు రోజుల్లో ఎంత బలం వచ్చింది, యూనస్‌కు చెప్పాలి అనుకున్నాను. చివరకు ఆ పిల్ల నా కుడి చెవిలో నోరు పెట్టి అరిచింది. "అవ్వా, ఈ బిడ్డ నెలలు నిండే పుట్టినాది! మూడున్నర కేజీ ఉండాది! నువ్వు ఎవురు?"

ఆ ఊళ్ళో ఈరప్పలు ఇద్దరు. ముప్పై అయిదేళ్ళు ఈ మండలంలో పనిచేసిన నాకు, ఈరప్ప తండ్రి పేరు కూడా అడగాలని తోచలేదు.

మన ఈరప్ప ఇల్లు ఊరి చివర. తాళం వేసి ఉంది. గొర్రెలను అన్నకు అప్పజెప్పాడట. పక్కింటామె చెప్పింది. ఆమె మాటలు అలాగే రాస్తున్నాను: "బిడ్డ బతకదంట. ఆసుపత్రోళ్ళు చేతులెత్తేసినారు. ఇంగ మిషనుతో కూడా పనిలేదని ఆ మగ నర్సు చెప్పినాడంట. పొయ్యేదేదో వాళ్ళమ్మ కాడ పోనీలే అని ఉలిగమ్మ ధర్మవరం పుట్టింటికి తీసకపోయింది."

నాకు సరిగా వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పించుకున్నాను. సరిగానే వినపడింది.

ఇంటికి వచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నువ్వు కూడా చదువుకో. చేయవలసింది అంతా చేశాం, మా చేతుల్లో ఏమీ లేదు. నువ్వు మంచి వార్తే చెప్పావు. ఆమె చావు వార్త విన్నది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నువ్వు సంతోషం అనుకున్నావు.

గొర్రెల కోసం కాదు నాయనా వాళ్ళు పోయింది.

ధర్మవరంలో ఉలిగమ్మ తల్లి పేరు నల్లమ్మ, మగ్గాల ఇంట్లో నూలు కండెలు చుడుతుంది. ఇంతకు మించి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఈ సాయంత్రానికి నాకు బస్సు లేదు. రేపు మొదటి బస్సుకు పోతున్నాను. జవాబు రాస్తే మీ నాయన ఇంటికి పంపు.

అత్త

---

హిందూపురం,
23 నవంబరు 2024.

అత్తా,

నీ ఉత్తరం వార్డులోనే చదివాను. సినిమాల్లో తెల్లకోటు డాక్టరు కళ్ళజోడు తీసి బంధువులతో చెప్పే మాట అది. అక్షరం తేడా లేకుండా అదే చెప్పాను నేను. చెప్పి నా భుజం నేనే తట్టుకున్నాను.

నేనే రావాలి. ఇద్దరు సిస్టర్లకు జ్వరం, పద్నాలుగు మంది పిల్లలకు ఈ పూట నేను, జయలక్ష్మమ్మ సిస్టరు మాత్రమే ఉన్నాం. సెలవు అడిగితే ఆమె వార్డు వైపు చూపించింది. నాయనకు ఫోను చేశాను. మగ్గాల ఇళ్ళన్నీ తనకు తెలుసని, నీతో పాటు తిరుగుతానని అన్నాడు.

ఈ రోజుకు నాలుగు రోజులు. బిడ్డ ఊపిరి మరిచిపోతే తట్టేవాళ్ళు ఎవరున్నారు అక్కడ? ఏమైనా సరే నాకు ఉన్నదున్నట్టు రాయి.

యూనస్

---

ధర్మవరం,
24 నవంబరు 2024, పొద్దున.

యూనస్‌కు,

ఈ ఉత్తరం ఈరప్ప నీ చేతికి ఇస్తాడు. ముందు బిడ్డను చూసుకో. తర్వాత చదువు.

నిన్న మీ నాయన, నేను తొమ్మిది మగ్గాల ఇళ్ళు తిరిగాం. మీ నాయన ప్రతి ఇంట్లోనూ కూర్చుని మర్యాదగా టీ తాగుతూ అడుగుతానంటాడు. నాలుగో టీ తర్వాత నేను అరవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకు వినపడదు కనుక ఎంత గట్టిగా అరిచానో తెలియదు. పదో ఇంటి వెనక నుంచి నల్లమ్మే బయటికి వచ్చి, "ఎవురమ్మా, ఎవురు సచ్చినారు?" అంది.

ఆ గది మగ్గం గదికి వెనక. ఉలిగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు తీస్తే లోపల బిడ్డ, రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం, తల పక్కకు తిప్పి. పైన రెండు గొంగళ్ళు. నా టోపీ స్వెట్టరు కూడా ఉంది. నేను చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. ఊపిరి ఆడుతోంది.  మోకాళ్ళ నొప్పి అని చెప్పి కూర్చున్నాను.

"ఎన్ని దినాలనుంచి ఇట్ల కూచున్నావు?" అన్నాను.

"వచ్చినప్పటినుంచి" అంది నల్లమ్మ. "పండుకోదు. దించదు. నేనే ముద్దలు కలిపి నోట్లో పెడతాండా."

ఉలిగమ్మ ఏదో అంది. నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. వినపడలేదు. యూనస్, నా చెవి మిషన్ బీరువాలో ఉంది. ఆ పిల్ల చేత ఆ మాట మూడుసార్లు చెప్పించాను. "పోతాదని చెప్పినారు గదా. పొయ్యేదాకా నా ఎద మీదనే ఉండనీ అని."

పాలు పడుతున్నావా అని అడిగాను. పిండి, ఉగ్గుగిన్నెతో పడుతోంది, రెండు గంటలకొకసారి. "ఆకలితో పోగూడదు" అంది. ఊపిరి ఆగితే ఏం చేస్తున్నావు అని అడిగాను. అరికాలు మీద వేలితో తట్టి చూపించింది. "గాజులోనుంచి చూసినా. ఆ పొడుగు సార్ ఇట్లనే చేస్తాడు."

చూశావా. నీ నోటితో చెప్పింది చంపబోయింది. నీ చేత్తో చేసింది ఆమె నేర్చుకుంది.

నేను చెప్పాను, "ఈ బిడ్డ సావదు తల్లీ" అని. ఆమె నమ్మలేదు. "ఆ సారే చెప్పినాడు" అంది. "ఆ సార్ మా తమ్ముని కొడుకు. వానికి మాట్లాడను రాదు" అన్నాను. "మిషను అక్కరలేనంత బాగైందని చెప్పను పోయి అట్ల చెప్పినాడు." ఈరప్ప తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మీ నాయన వైపు చూశాడు. మీ నాయన, "నిజమే అప్పా, చిన్నప్పటినుంచి వాడు అంతే" అన్నాడు. అప్పుడు నమ్మారు. నా మాట నమ్మలేదు, నీ గురించి మీ నాయన చెప్పింది నమ్మారు.

తూకం కావాలంటే, మగ్గం యజమాని పట్టునూలు తూచే కాటా తెచ్చి ఇచ్చాడు. దాని మీద మెత్తటి గుడ్డ పరిచి తూచాను. పన్నెండు వందల తొంభై. నాలుగు రోజుల్లో ఇరవై గ్రాములు తగ్గింది, అంతే. నా సర్వీసులో ఏ ప్రాణాన్నీ ఇంత సరిగ్గా తూచలేదు నేను.

ఉలిగమ్మ బిడ్డను తీసి ఈరప్ప ఎదకు ఆనించి, కొంగుతో కట్టి, నేల మీద ఒరిగి నిద్రపోయింది. లేపితే లేవలేదు. అతను చొక్కా తీసేసి రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు.

సాయంత్రం ఇక్కడి ఆసుపత్రిలో చూపించాం. వేడి సరిగా ఉంది, రక్తంలో చక్కెర సరిగా ఉంది. వాళ్ళే మీ వార్డుకు ఫోను చేసి, అంబులెన్సు మాట్లాడారు. ఉలిగమ్మ బిడ్డను ఎద మీదనే తెస్తుంది. ఎవరూ పెట్టెలో పెట్టమని అడగవద్దు.

మీ నాయన నాకు ఇప్పుడు పదమూడో టీ తెస్తున్నాడు.

అత్త

---

హిందూపురం,
29 నవంబరు 2024.

అత్తకు,

బిడ్డ బాగుంది. పదమూడు వందల డెబ్బై. తల్లుల గదిలో ఉన్నారు.

వాళ్ళు వచ్చిన రోజు నేను మెట్ల దగ్గర నిలబడి ఉలిగమ్మకు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. మూడుసార్లు కొట్టివేసి రాశాను. అంబులెన్సు ఆగగానే కాగితం జేబులోనే ఉండిపోయింది. నేను చెప్పగలిగింది, "తప్పు నాది ఉలిగమ్మా. నేను సరిగా చెప్పలేదు" అని మాత్రమే. ఈరప్ప, "పోనీలే సార్, దేవుడు సల్లగా చూసినాడు" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఉలిగమ్మ మాత్రం మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నేను పాలు కొలిచి ఇస్తుంటే, నా వైపు చూడకుండా అంది, "ఒక్కో ఊపిరీ ఇదే కడాకరుది అనుకుంటా కూచుంటి. నాలుగు దినాలు. అవి ఎవురు తిరిగి ఇస్తారు సార్?"

   పాల గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆమె, "పాలు సల్లారిపోతాయి, ఇయ్యి" అంది.

జరిగింది జయలక్ష్మమ్మ సిస్టరుకు, డాక్టరుకు దాచకుండా చెప్పాను. మాట పడతాను అనుకున్నాను, పడ్డాను. ఇప్పుడు మా వార్డులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. తల్లికి ఏది చెప్పినా, ఆమెకు ఏం అర్థమైందో ఆమె నోటితో మళ్ళీ చెప్పించుకోవాలి. తల ఊపితే లెక్కలోకి రాదు. మొదటి రోజు ఒకామెకు పాలు పిండే సంగతి అంతా చెప్పి, ఏం అర్థమైందమ్మా అని అడిగాను. "నువ్వు పెండ్లి చేసుకోలేదని" అంది. నేను ఎక్కడ తప్పానో ఇంకా వెతుకుతున్నాను.

నీకు కృతజ్ఞతలు అని రాయడానికి సిగ్గుగా ఉంది. నీ మోకాళ్ళకు నూనె పంపుతున్నాను. వాడే పద్ధతి సీసా మీద ఉంది. నేను చెప్పను.

యూనస్

---

పెనుకొండ,
3 డిసెంబరు 2024.

చిరంజీవి యూనస్‌కు,

నూనె చేరింది. సీసా మీద ఇంగ్లీషులో ఉంది. తాగకూడదని మాత్రం అర్థమైంది.

ఆమె అడిగినదానికి జవాబు వెతకవద్దు. లేదు. నాకు కూడా అలాంటి మాటలు ఇద్దరు ముగ్గురు తల్లులవి ఉన్నాయి. నేను చెప్పేటప్పుడు నవ్వించే కథలు మాత్రమే చెబుతాను, ముసలామె ఏమి అమ్ముతావని అడిగిన కథ లాంటివి. మిగిలినవి చెప్పను. నువ్వు మాత్రం అడిగిందని నాకు రాశావు. నాకు అంతమాత్రం ధైర్యం ఉండి ఉంటే నేను ఇంకా మంచి ఏ.ఎన్.ఎం.ని అయ్యేదాన్ని.

చెవి మిషన్ బీరువాలోంచి తీశాను. పెట్టుకుంటే ముందుగా వినపడింది నా మోకాళ్ళ చప్పుడు. రెండోది ఎదురింటి ఆమె నా గురించి చెప్పుకుంటున్నది. అయినా పెట్టుకుంటున్నాను. ఆ పిల్ల చేత ఆ మాట మూడోసారి చెప్పించినప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నేను చూశాను కనుక.

ఇప్పుడు ఫోను చెయ్యవచ్చు నువ్వు. కానీ ఉత్తరాలు మానవద్దు.

అత్త బుడన్‌బీ

---

హిందూపురం,
9 జనవరి 2025.

అత్తకు యూనస్ సలాములు.

నిన్న ఫోనులో సగమే చెప్పగలిగాను, నువ్వు "అరవద్దు, వినపడుతోంది" అని తిట్టావు కనుక. మొత్తం రాస్తున్నాను.

డిసెంబరు పద్దెనిమిదిన ఉలిగమ్మను ఇంటికి పంపామని నీకు తెలుసు. ఆ రోజు జాగ్రత్తలన్నీ చెప్పి, మళ్ళీ చెప్పమంటే ఆమె ఒక్కటీ తప్పకుండా చెప్పింది. నేను మరిచిపోయిన ఇనుము చుక్కల మందు కూడా చెప్పింది. నిన్న పరీక్షకు తీసుకొచ్చారు. రెండు వేల మూడు వందల ముప్పై. బుగ్గలు వచ్చాయి. ఏడిస్తే కారిడారు చివరి వరకు వినపడుతుంది. పేరు సుంకులమ్మ అని పెట్టారు, ఈరప్ప తల్లి పేరు. నా పేరు పెడతారేమోనని ఒక క్షణం ఆశపడిన మాట నిజం. ఆడపిల్లకు యూనస్ అని ఎలా పెడతారు అనేది నాకు ఆ క్షణంలో తట్టలేదు.

మొన్న సోమవారం అగళి వైపు నుంచి ఒకామె వచ్చింది, వరలక్ష్మి అని. బిడ్డ వెయ్యి డెబ్బై గ్రాములు. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడుతుంది. నిన్నటికి రెండు రోజులుగా గాజు తలుపు అవతల నిలబడి చూస్తోంది. చేతులు వెనక్కి దాచుకుంటుంది. నేను నీ మాట ప్రకారం తొందరపెట్టకుండా, రోజుకొకసారి మాత్రం, రమ్మని పిలుస్తూ వచ్చాను.

నిన్న ఉలిగమ్మ డాక్టరు కోసం కాచుకుని ఉన్నదల్లా, వరలక్ష్మి పక్కన పోయి నిలబడింది. ఇద్దరూ గాజులోంచి లోపలికి చూస్తున్నారు. నేను లోపల నిలబడి చూస్తున్నాను. ఉలిగమ్మ తన బిడ్డను ఈరప్పకు ఇచ్చి, ఆమెను అడిగింది.

"నీ బిడ్డ యాది?"

వరలక్ష్మి చూపించింది.

"ముట్టుకున్యావా?"

లేదని తల ఊపింది. "ఒంటిమీద కైయిడితే ఏమన్నా అయితాదేమో అక్కా. మిషన్లు కూస్తాండాయి."

"కూస్తే ఆ పొడుగాయన వస్తాడు. కాలు తడతాడు. దానికి భయపడద్దు" అంది ఉలిగమ్మ. "నేనూ నీ మాదిరే ఈడనే నిలబడితి, ఇరవై దినాలు. బిడ్డ పోతాదని చెప్పినాక గానీ భయం ఇడిసి ఎత్తుకోలే. నువ్వు అంతవరకూ ఉండద్దు."

తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. సబ్బు పెట్టి ఆమె చేతులు తానే కడిగింది, మోచేతుల వరకు, వేళ్ళ సందులు కూడా, మేము గోడ మీద బొమ్మ వేసి అంటించిన పద్ధతిలోనే. తలుపు తోసింది.

నేను ఎదురుపోయి ఏదో చెప్పడానికి నోరు తెరిచాను. జయలక్ష్మమ్మ సిస్టరు వెనకనుంచి నా గౌను పట్టుకుని లాగింది. కుర్చీ మాత్రం తెచ్చి వేసి పక్కకు తప్పుకున్నాను.

వరలక్ష్మి గంటా పది నిమిషాలు కూర్చుంది. ఉలిగమ్మకు డాక్టరు పిలుపు వచ్చింది, వెళ్ళిపోయింది. బస్సు టైమైందని ఈరప్ప తొందరపెడుతుంటే, పోతూ పోతూ గాజు దగ్గర ఆగి ఒకసారి లోపలికి చూసింది. ఆ బిడ్డ తల్లి ఎద మీద నిద్రపోతోంది. ఉలిగమ్మ తన పాపను ఎత్తుకుని మెట్లు దిగింది.

నీ యూనస్